సవర పాటకు చెవి యొగ్గినవారు

నౌపడ యనగానే మనకు ఉప్పు మడులు జ్ఞాపకమునకు వచ్చును. ఆ నౌపడనుండి పర్లాకిమిడి మహారాజావారు వేయించిన చిన్న రైలుదారి 1900లో ఆరంభమై, తరువాత గుణుపురము వరకు సాగినది. ఆ దారికి చేరువనున్న కొండలలో సవరలు నివసించుచున్నారు. వారి మాటను, పాటను విద్వాంసులు వినిన చరిత్రను నేడు ముచ్చటించుకొందము.

ఈ చరిత్రలో మొదట స్మరింపవలసినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. సవర భాషకు అప్పటికి లిపి లేదు. నేర్చుకొందమన్న పుస్తకము లేదు. పంతులుగారు సవరల నోట విని వ్రాసికొనిరి; పాటలను, కథలను సేకరించిరి; సవర పిల్లలకు బడులు పెట్టిరి. మన్నెపు జ్వరమునకు పుచ్చుకొనిన క్వినైనువలన వారికి చెవుడు వచ్చినది. వినుటయే పనిగా పెట్టుకొనినవారికి ఇంతకు మించిన నష్ట మేమున్నది? అయినను వారు పని విడువలేదు. సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. కుమారులు సీతాపతిగారును ఆ కృషిని కొనసాగించిరి.

ఇంతలో 1936లో మంగెయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అను లిపిని కల్పించెను. అంతవరకు ఇతరుల అక్షరములలో ఒదిగిన భాషకు సొంత అక్షరములు కలిగినవి.

1975నుండి పియర్స్ వితెబ్స్కీ అను ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు ఒడిశా సవరలతో కలిసి బ్రదికి, వారు మృతులతో జరుపు సంభాషణలను రికార్డు చేసెను. పూనకము వచ్చినవారి నోట మృతుడు పలుకును. చుట్టు చేరిన బంధువులు ప్రశ్నింతురు, తగవులాడుదురు, కంటతడి పెట్టుదురు. అచట ఊరక వినువా రెవరును లేరు, అందరును పాలుపంచుకొనువారే. ఆనాటి వారి సంతతిలో పెక్కుమంది క్రైస్తవులగుటచే ఆ సంభాషణలు చాలవరకు ఆగిపోయినవని ఆయన 2017 నాటి గ్రంథము తెలుపుచున్నది. టేపులు మిగిలినవి, బదులు చెప్పు బంధువులు మిగులలేదు.

కావున పాటను భద్రపరచుట వేరు, బ్రదికించుట వేరు. పాడినవారి పేరు, ఊరు, సందర్భము వ్రాయక పదిలపరచిన పాట తలిదండ్రులు తెలియని బిడ్డవంటిది. రేడియోలో పనిచేయు మాకును ఈ నియమము వర్తించును. 2012లో సొరాంగ్ సొంపెంగ్ అక్షరములు కంప్యూటర్ల యూనికోడ్ పట్టికలో చేరినవి. చేతిలో ఫోనున్న సవర యువకుడు నేడు తన అవ్వ పాటను తానే రికార్డు చేసి, తన లిపిలోనే పేరు పెట్టి పదిమందికి పంపగలడు. ఒకనాడు పంతులుగారు దోసిలి యొగ్గి పుచ్చుకొనిన పాటకు ఇక కాపరులు సవరలే కావలెను. మన విద్యాలయములును, ఆకాశవాణియు తమ యొద్దనున్న పాటల ప్రతులను ఆ యూళ్లకు తిరిగి చేర్చిననాడే ఆ ఋణము తీరును.