‘మీకేంది, అంతా ఫ్రీ’ అన్నోళ్లకు జవాబు: జోడేఘాట్ నుంచి అమీర్‌పేట దాకా మన నిధుల చరిత్ర

పోస్టు పెద్దదే. కొంచెం ఓపిక చేసుకుని చివరి దాకా చదవండి.

మేం నలుగురం ఒకే రూములో ఉంటం. ఒకరిది ఉట్నూరు దగ్గర గోండు గూడెం, ఒకరిది ఏటూరునాగారం అవతల కోయ గూడెం, ఇద్దరిది మహబూబాబాద్ వైపు తండాలు. నాలుగు ఇళ్లలోనూ కాలేజీ మెట్లెక్కిన మొదటి మనుషులం మేమే. పగలు కాలేజీ, సాయంత్రం అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు. మైత్రీవనం చుట్టూ ఎట్ల ఉంటదో మీలో చాలామందికి తెలుసు. తల పైకెత్తితే బోర్డులు, కిందికి చూస్తే చేతుల్లో పెట్టే పాంప్లెట్లు.

మొన్న ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు రెండు వాయిదాల్లో కడతమని అడుగుతుంటే, పక్కన నిలబడ్డ క్లాస్‌మేట్ నవ్వుకుంట అన్నడు: “మీకేంది బ్రో, గవర్నమెంట్ మీకు అంతా ఫ్రీగానే ఇస్తది కదా.”

నలుగురం ఉన్నం. ఒక్కరం కూడా జవాబు చెప్పలేదు. మాకు జవాబు తెల్వదు, అదీ అసలు సంగతి. అదే వారం మా ఉట్నూరు దోస్తుకు కాలేజీలో సర్టిఫికెట్లు ఆగిపోయినయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు రాలేదు, నువ్వే కట్టి తీసుకుపో అన్నరు. వాడు రెండు రోజులు ఏం మాట్లాడలేదు. మూడో రోజు బ్యాగు సర్దుకుని పత్తి ఏరడానికి ఇంటికి పోయిండు.

ఆ తర్వాత మేం ముగ్గురం చదవడం మొదలుపెట్టినం. అసలు మనకొచ్చే ఈ పైసలు ఎక్కడ మొదలైనయి, ఎవరు ఇచ్చిన్రు, ఎందుకు ఇచ్చిన్రు? మాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నం.

మొదలు పెట్టింది బడ్జెట్ కాదు

పంజాగుట్టకు, బేగంపేటకు మధ్య నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ ఉంది. ఇప్పుడు అందులో ‘సెస్’ అనే ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ నడుస్తోంది. నిజాం కాలంలో అక్కడ టెలిస్కోపు పెట్టి లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. ప్రపంచ దేశాలు కలిసి చేసిన ఆకాశపటంలో హైదరాబాద్ వాటా అది. ఆకాశాన్ని అంత శ్రద్ధగా కొలిచిన అదే ప్రభుత్వానికి, ఆదిలాబాద్ అడవుల్లో ఏ గోండు ఏ చెలక దున్నుకుంటున్నాడో రాసిపెట్టుకోవాలని అనిపించలేదు. కాగితం లేదు కాబట్టి భూమి సర్కారుది అన్నారు. రిజర్వ్ ఫారెస్టు గీతలు గీశారు. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. బాబేఝరిలో కుమ్రం భీం వాళ్లు వేసుకున్న గుడిసెలు తగలబెట్టారు. భీం హైదరాబాద్ దాకా వచ్చి మొర పెట్టుకున్నాడు. పని కాలేదు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద పోలీసు కాల్పుల్లో భీం, ఆయన వెంట ఉన్న చాలామంది చనిపోయారు.

అప్పుడు గానీ ప్రభుత్వానికి ‘వీళ్లు ఎందుకు తిరగబడ్డారు?’ అన్న ప్రశ్న రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకమని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను అడిగింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచయుద్ధం రావడంతో బ్రిటిష్ వాళ్లు ఆయన్ని శత్రుదేశం మనిషిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. అట్ల ఇక్కడే ఉండిపోయిన మనిషి భార్య బెట్టీతో కలిసి గోండుల మధ్య మర్లవాయిలో ఇల్లు కట్టుకున్నాడు.

మర్లవాయి బడి

ఆయన సలహాతో 1943లో గోండు విద్యా పథకం మొదలైంది. మర్లవాయిలో పంతుళ్లకు శిక్షణ కేంద్రం పెట్టారు. బయటి నుంచి పంతుళ్లను తేలేదు. అప్పటికే కొంచెం మరాఠీ చదవను, రాయను వచ్చిన గోండు యువకులనే ఏరి తయారు చేశారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చువేశారు. బడితో పాటు భూమి పట్టాలు ఇప్పించే పని కూడా నడిచింది. వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. ఆ తర్వాత 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, 1949లో దాని నియమాలు వచ్చాయి. గోండుల పంచాయతీలకు తగువులు తీర్చే అధికారం అందులో ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ముందు భూమి, తర్వాత మన భాషలో బడి, ఆ బడిలో మన మనిషే పంతులు, ఊరి తగువు తీర్చేది మన పంచాయతీయే. ఇది నిజాం ప్రేమతో ఇచ్చింది కాదు. ఇంకో జోడేఘాట్ రావొద్దన్న భయంతో ఇచ్చింది. కానీ మన దాకా నిజంగా చేరిన తొలి పథకం ఇదే.

మా ఉట్నూరు దోస్తు వాళ్ల తాత అట్లాంటి పంతులు దగ్గర గోండిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నడట. రాష్ట్రాలు మారినంక గోండి పుస్తకాలు ఆగిపోయి, బడి తెలుగులోకి మారింది. వాడి నాన్న బడికే పోలేదు. మళ్లీ వాడు కాలేజీకి వచ్చిండు. మధ్యలో ఒక తరం ఎట్ల జారిపోయిందో చూడండి.

బెట్టీ హైమన్‌డార్ఫ్ 1987లో చనిపోతే ఆమెను మర్లవాయిలోనే సమాధి చేశారు. ఆ ఊరోళ్లు ఇప్పటికీ ఏటా ఆమెను తలుచుకుంటారు.

27 లక్షల బ్లాకు

స్వతంత్రం వచ్చినంక 1952 అక్టోబర్ 2న దేశమంతా సమాజ వికాస పథకం మొదలైంది. మనం ఇప్పుడు వినే బ్లాకు, బీడీవో, విలేజ్ లెవెల్ వర్కర్ అన్న మాటలు అప్పుడు ఊళ్లలోకి వచ్చినవే. మామూలు బ్లాకులతో గిరిజన ప్రాంతాలకు లాభం లేదని, రెండో పంచవర్ష ప్రణాళికలో దేశం మొత్తం మీద 43 ప్రత్యేక బహుళార్థ గిరిజన బ్లాకులు పెట్టారు. ఒక్కో బ్లాకుకు అయిదేళ్లకు 27 లక్షల రూపాయలు. ఆ రోజుల్లో అది మస్తు పైసలు. ఉట్నూరు కూడా ఆ 43లో ఒకటి.

ఆ బ్లాకులు ఎట్ల నడుస్తున్నాయో చూడమని వెరియర్ ఎల్విన్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1960లో రిపోర్టు ఇచ్చారు. డబ్బులో చాలా భాగం బిల్డింగులకు పోతోందని, ఖర్చు పద్దులు ముందే పైన అచ్చయి వస్తున్నాయని, ఏ ఊరికి ఏం కావాలో అడిగే తీరిక ఎవరికీ లేదని ఆ కమిటీ తప్పుపట్టింది. ఇది మొన్నటి పేపర్లో వచ్చిన వార్త కాదు, 60 ఏళ్లు దాటిన మాట. మన ఊళ్లలో తలుపులు ఊడిపోయిన కమ్యూనిటీ హాళ్లు, నీళ్లు ఎక్కని ట్యాంకులు గుర్తుచేసుకోండి.

అదే కాలంలో మంచి పనీ జరిగింది. 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. చింతపండు, తేనె, జిగురు సావుకారి చెప్పిన ధరకు కాకుండా జీసీసీ డిపోలో అమ్ముకునే దారి దొరికింది.

రోడ్డు వచ్చింది, భూమి పోయింది

అభివృద్ధి పైసలతో రోడ్లు వచ్చాయి. రోడ్డు మీద బస్సుతో పాటు బయటి రైతులు, వడ్డీ వ్యాపారులు కూడా వచ్చారు. 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో దాన్ని గట్టిపరిచారు. మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటున్నది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దు, వాళ్లలో వాళ్లు కూడా అమ్ముకోవద్దు అని చట్టం. కాగితం మీద అంత గట్టి చట్టం ఉన్నా, 1970ల్లో తిరిగి వచ్చిన హైమన్‌డార్ఫ్ తన కళ్లముందు పట్టాలిచ్చిన భూములు ఇతరుల చేతుల్లో ఉండటం చూసి పుస్తకంలో రాసుకున్నాడు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకుంటే పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కలో 13 మంది. మన పెద్దోళ్ల లెక్క వేరే, అది మీకు తెలుసు. భూమి పోయినోడికి బోరు మోటారు సబ్సిడీ ఇస్తే దేనికి పనికొస్తది?

పంజాగుట్టలో ఒక పెద్దమనిషి

మేం రోజూ నడిచే పంజాగుట్టలోనే, రిటైరైన తర్వాత, చిన్న ఫ్లాట్‌లో ఎస్.ఆర్. శంకరన్ ఉండేవారని మాకు ఈ మధ్యే తెలిసింది. ఐఏఎస్ ఆఫీసర్. 1970ల్లో ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా హాస్టళ్ల కోసం ఆయన పడ్డ తపన పాత వార్డెన్లు కథలు కథలుగా చెప్తారు. 1976లో వెట్టిచాకిరి నిషేధ చట్టం వచ్చాక, ఆ సంగతి ఊళ్లలోకి పోయి వెట్టోళ్లకే చెప్పించారు. అది పాలకులకు నచ్చలేదు. ఆయన రాష్ట్రం వదలాల్సి వచ్చింది. త్రిపురకు పోయి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. తిరిగి వచ్చాక 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి ఏజెన్సీ పర్యటనలో గుర్తేడు దగ్గర ఆయన్ని, తోటి ఆఫీసర్లను నక్సలైట్లు పట్టుకెళ్లారు. బయటికొచ్చాక కూడా గిరిజనుల పక్కనే నిలబడ్డారు. కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా 1992లో రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన పైసలు పేద పిల్లల చదువులకు ఇచ్చేవారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో చనిపోయారు.

ఆఫీసర్లందరూ ఒకటే అని మేం కూడా అంటుంటం. ఆయన గురించి చదివినంక ఆ మాట అనబుద్ధి కాలేదు.

పుస్తకంలో ఉన్న పైసలు

1974లో మొదలైన అయిదో ప్రణాళికతో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. మన జనాభా ఎంత శాతమో, ప్రణాళిక నిధుల్లో అంత శాతం మనకు విడిగా పెట్టాలి, అదీ సూత్రం. దాన్ని నడపడానికే ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం లాంటి చోట్ల ఐటీడీఏలు వచ్చాయి. రాజ్యాంగం 275(1) అధికరణం కింద కేంద్రం ఇచ్చే గ్రాంటు దీనికి అదనం.

మరి పైసలు ఎక్కడ పోయినయి? ఒక ఉదాహరణ అనుకుందాం. నగరంలో ఒక ఫ్లైఓవర్ కట్టారు. ‘దీని మీద గిరిజనులు కూడా పోతారు కదా’ అని ఆ ఖర్చులో కొంత శాతం మన పద్దులో రాసుకుంటే? పుస్తకంలో మనకు ఖర్చయినట్టే. గూడేనికి రూపాయి రాదు. ఉపప్రణాళిక మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. పెట్టిన నిధులు ఖర్చు కాక మార్చి 31న మురిగిపోవడం రెండోది.

దీని మీద దళిత, గిరిజన సంఘాలు, కాకి మాధవరావు లాంటి రిటైర్డ్ ఆఫీసర్లు ఏళ్లపాటు కొట్లాడితే 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని బదులు ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేశారు. ఒక ఏడాది ఖర్చు కాని నిధిని మరుసటి ఏడాది కలిపి ఇవ్వాలని అందులో ఉంది. 2011 లెక్కల్లో తెలంగాణలో మన జనాభా సుమారు 9 శాతం. బడ్జెట్ రోజు మనం టీవీలో చూడాల్సింది ఆ 9 శాతం ఎక్కడ అని.

ఇంకో మాట దాచకుండా చెప్పాలె. మా రూములోనే ఆదివాసీ, లంబాడా వాదన చాలా రాత్రులు నడిచింది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు జాబితాలోకి వచ్చారు. తమ వాటా తగ్గిందన్న గోండు, కోయ దోస్తుల బాధ ఉత్తది కాదు. వలసపోయి తాళాలు పడ్డ తండాల కష్టం కూడా ఉత్తది కాదు. కానీ కుండలో ఎంత పోసిన్రో చూడకుండ గంటె కోసం కొట్లాడుకుంటున్నం. ముందు కుండ లెక్క అడుగుదాం.

మనం అడగాల్సింది

1996 పెసా చట్టంలో ఒక ముక్క ఉంది. మేం చదివి ఆశ్చర్యపోయినం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ పథకమైనా మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదించాలి. పని అయ్యాక నిధులు సరిగ్గా ఖర్చయ్యాయని పంచాయతీ గ్రామసభ దగ్గరే సర్టిఫికెట్ తీసుకోవాలి. అంటే మన అమ్మానాన్నలు సంతకం పెడితేనే లెక్క తేలినట్టు. మర్లవాయిలో మన చేతిలో కొంచెం ఉండి, 27 లక్షల బ్లాకులో పోయిన నిర్ణయం, చట్టం ప్రకారం మళ్లీ మన చేతికే వచ్చింది. మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

అందుకే ఒక పని అడుగుతున్నం. ఏజెన్సీ ఊళ్లోళ్లు పండక్కి ఇంటికి పోయినప్పుడు పంచాయతీ ఆఫీసులో గ్రామసభ రిజిస్టర్ చూపించమనండి. ఈ ఏడాది ఏ పనులకు ఆమోదం రాశారు, ఎవరి సంతకాలున్నాయి, నిధుల సర్టిఫికెట్ ఇచ్చారా లేదా, ఈ మూడు రాసుకుని రండి. చూపించకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఏజెన్సీ బయటి తండాలకు పెసా లేదు, కానీ 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. అక్కడా గ్రామసభ ఉంది, రిజిస్టర్ ఉంది.

ఆ క్లాస్‌మేట్ మళ్లీ కలిస్తే కొట్లాడం. కూసోబెట్టి, చాయ్ తాపి, జోడేఘాట్ నుంచి మొదలుపెట్టి చెప్తం. ఇది ఫ్రీగా వచ్చింది కాదు తమ్మీ, భూమి పోగొట్టుకుని, ప్రాణాలిచ్చి, చట్టం రాయించుకుని తెచ్చుకున్నది, అది కూడా ఇంకా పూర్తిగా చేతికి రాలేదు అని.

ఉట్నూరు దోస్తు మంచం ఇంకా ఖాళీగానే ఉంది. నిన్న ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించినం. చివరి దాకా విన్నడు. “మా ఊరి రిజిస్టర్ నేను చూస్త” అన్నడు. కాలేజీ సంగతి అడిగితే మాట మార్చిండు. ముగ్గురం కలిసి వాడి ఫీజులో కొంత జమ చేస్తున్నం. పరీక్షలకు ముందే వాణ్ణి తీసుకురావాలె.

చరిత్రలో ఎక్కడన్న తప్పు రాస్తే పెద్దలు సరిదిద్దండి. జోహార్.