పెరటికి ఎన్ని పుంజులు?

ఈనాడు మనం మాట్లాడుకోబోయే సంగతి చిన్నదే. పది పెట్టలున్న పెరట్లో పుంజు ఒకటి ఉండవలెనా, రెండా? ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక చాలా పాత చరిత్ర ఉన్నది.

ముందు మా అనంతపురం సీమ ముచ్చట ఒకటి. కల్యాణదుర్గం దిక్కున ఒక పల్లెలో ఒక పెద్దమ్మ తొమ్మిది పెట్టలకు మూడు పుంజులను సాకుతుండేది. పెట్టల వీపులు ఈకలు రాలి బోడిగా ఉన్నవి. ఒక పుంజు తల నిండా గాయాలే. "అమ్మా, వానలు లేక చెనక్కాయ కూడా పండని ఏడు, మూడింటికీ గింజలెక్కడివి? రెండు అమ్మేయి" అన్నాను. "సదువుకున్నోనివి, నువ్వు సెప్పినట్లే కానీలే నాయనా" అని అమ్మేసింది. ఎండాకాలంలో ఆ మిగిలిన ఒక్కదాన్నీ బావురుపిల్లి ఎత్తుకుపోయింది. మరో మూడు వారాలకు పెట్టిన గుడ్లు పన్నెండు పొదగేస్తే ఒక్క పిల్ల కూడా లేవలేదు. నేను చెప్పినదానిలో సగమే నిజమని అప్పుడు తెలిసింది.

మిగతా సగం తెలియాలంటే వెనక్కి పోవాలి. మన ఊరకోడికి మూలం ఎర్ర అడవికోడి. అడవిలో పుంజు కొన్ని పెట్టలతో తన హద్దులో తిరుగుతుంది. వేరే పుంజు వస్తే తరుముతుంది. వేల ఏండ్లు మనిషి పంచన పెరిగినా ఆ గుణం పోలేదు. పైగా మన ఆసిల్ జాతిని పోరు కోసమే ఎంచి పెంచినందున అందులో అది మరింత ముదిరింది. 12వ శతాబ్దపు పల్నాటి వీరుల కథ వినని తెలుగువాడు లేడు. బ్రహ్మనాయుడి పుంజుకూ నాగమ్మ పుంజుకూ పందెం జరిగి, ఓడిన పక్షం ఏడేండ్లు రాజ్యం విడిచిపోయినట్లు ఆ కథ చెబుతుంది. జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కాని ఎవరూ ఉసిగొల్పకుండానే ఆ పోరు మన పెరట్లో రోజూ జరుగుతున్నది.

అది ఎందుకు జరుగుతుందో నార్వే దేశస్థుడు షెల్డెరుప్ ఎబ్బె వివరించాడు. కోళ్లలో పెద్ద చిన్న వరుస ఉంటుందని, పైది కిందిదాన్ని పొడుస్తుందని గమనించి, 1922లో ఆ సంగతి ప్రచురించాడు. రెండు పుంజుల మధ్య ఆ వరుస తేలేదాకా పోరు ఆగదు. తేలినాక కూడా చోటు ఇరుకైతే ఓడినది తప్పించుకోలేక మేత మాని చిక్కిపోతుంది.

ఇక ఎక్కువైన పుంజు ఏమవుతుంది? మన సీమలో ఎప్పుడూ అది చేతి ఖర్చుకు డబ్బే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, నగరంలో ఒక చిన్న నాణేనికి మూడు కోళ్లు, నగరం వెలుపల నాలుగు వచ్చేవని రాశాడు. ఈనాటికీ జాతర వచ్చినా, చుట్టం వచ్చినా ముందు గంప కింది నుంచి తీసేది పుంజునే.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన తరువాత కోళ్ల అభివృద్ధిలో పుంజుకు కొత్త పని వచ్చింది. వైట్ లెగ్‌హారన్, రోడ్ ఐలండ్ రెడ్ వంటి సీమజాతి పుంజులను పల్లెలకు ఇచ్చి, నాటు పెట్టలతో దాటించి జాతి మెరుగుచేయాలని చూశారు. గుడ్లు పెరిగినవి. కాని లెగ్‌హారన్ రక్తం ఎక్కినకొద్దీ పెట్టకు పొదిగే బుద్ధి తగ్గుతుంది. పొదగని పెట్ట పల్లెలో పిల్లలను ఎట్లా లేపుతుంది? తరువాత హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది.

ఈ చరిత్రలో ఒక సంగతి గమనించండి. మన పల్లెలో కోళ్లకు కంచె ఎన్నడూ లేదు. వీధిలో నాలుగిండ్ల కోళ్లు కలిసి తిరుగుతాయి. కాబట్టి పుంజుల లెక్క ఇంటికి కాదు, వీధికి వేయాలి. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలును. రెండవది మన ఇంట్లో కాక పక్కింట్లో ఉంటే పోరు తగ్గుతుంది, గింజల భారం పంచబడుతుంది, ఒకటి పోయినా వీధికి పుంజు మిగులుతుంది. రెండేండ్లకొకసారి వేరే ఊరి పుంజును తెస్తే రక్తం మారుతుంది. తెచ్చినదాన్ని రెండు వారాలు విడిగా ఉంచండి. కొక్కెర తెగులు టీకా మరవకండి, ఆ తెగులు వస్తే లెక్కలన్నీ వృథా. అమ్మకపు గుడ్లకైతే పుంజే అవసరం లేదు. పుంజు తగలని గుడ్డు మన ఎండలో ఎక్కువ నాళ్లు నిలుస్తుంది.

ఇప్పుడు ఆ పెద్దమ్మ వీధిలో నాలుగిండ్లకు ఇరవై ఆరు పెట్టలు, మూడు పుంజులు. మొన్న పోతే పిల్లల తల్లిని చూపించి, "ఈసారి నా లెక్క నువ్వు రాసుకో నాయనా" అన్నది. రాసుకున్నాను. అదే మీకు చదివి వినిపించాను.