రోగకారక శక్తి తక్కువ, రుజువు ఎక్కువ: క్షయేతర మైకోబాక్టీరియా ఊపిరితిత్తుల వ్యాధి నిర్ధారణ

ఉపోద్ఘాతం

కడప జిల్లా ముద్దనూరు చుట్టూ నాపరాళ్ల గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. దుమ్ముకు దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోనూ, పాత టీబీ మచ్చలున్న ఊపిరితిత్తుల్లోనూ క్షయేతర మైకోబాక్టీరియా (ఎన్‌టీఎం) సులువుగా తిష్ఠ వేస్తుంది. అలాంటి మనిషికి మళ్లీ దగ్గు పట్టుకుని, కళ్లె పరీక్షలో క్రిములు కనిపిస్తే 'టీబీ తిరగబెట్టింది' అనుకోవడం సహజం. జీల్-నీల్సన్ రంగు వేస్తే టీబీ క్రిమి, ఎన్‌టీఎం రెండూ ఎర్రగానే కనిపిస్తాయి మరి.

నేపథ్యం

ఎన్‌టీఎం క్రిములు మట్టిలో, చెరువుల్లో, నీటి ట్యాంకుల్లో, కుళాయి గొట్టాల్లో బతుకుతాయి. క్లోరిన్‌ను చాలావరకు తట్టుకుంటాయి. 1959లో శాస్త్రవేత్త రన్యన్ వీటిని రంగు, పెరిగే వేగాన్ని బట్టి నాలుగు వర్గాలు చేశాడు. దక్షిణ భారతానికి ఇవి కొత్త కాదు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన బీసీజీ (టీబీ టీకా) ప్రయోగం తొలి ఫలితాలు 1979లో వెలువడ్డాయి. టీకా ఆశించిన రక్షణ ఇవ్వకపోవడానికి జనం ముందే ఈ క్రిముల తాకిడికి గురికావడం ఒక కారణం కావచ్చని పరిశోధకులు చర్చించారు.

నిర్ధారణ సూత్రాలు

2007 నాటి అమెరికన్ మార్గదర్శకాలను 2020లో అంతర్జాతీయ సంఘాలు కొనసాగించాయి. వాటి ప్రకారం రోగలక్షణాలుండాలి. ఎక్స్‌రేలో గడ్డలు గానీ గుహలు గానీ, లేదా సీటీలో శ్వాసనాళాల వెడల్పుతోపాటు చిన్న గడ్డలు గానీ కనిపించాలి. ఇతర వ్యాధులు కావని తేలాలి. వేర్వేరుగా సేకరించిన కనీసం రెండు కళ్లె నమూనాల్లో ఒకే జాతి పెరగాలి. బ్రాంకోస్కోపీ ద్రవమైతే ఒక్క కల్చర్ చాలు.

అయితే అన్ని జాతులనూ ఒకే తక్కెడలో తూచలేం. మైకోబాక్టీరియం కాన్సాసీ జాతి కనిపిస్తే వ్యాధి అనడానికి బలముంది. మైకోబాక్టీరియం గోర్డోనే సాధారణంగా నీటి నుంచి నమూనాలో కలిసిన మలినమే. కుళాయి నీటితో నోరు పుక్కిలించి కళ్లె ఇచ్చినా అది కల్చర్‌లోకి చేరవచ్చు. రెండు కల్చర్లలో పెరిగినా గోర్డోనేను వెంటనే దోషిగా నిలబెట్టకూడదు. పదేపదే పెరగడం, ఎక్స్‌రే మార్పులు ముదరడం, అవసరమైతే బయాప్సీలో కణజాల సాక్ష్యం దొరకడం చూడాలి.

ఆచరణ

కళ్లెలో క్రిములుండి, సీబీనాట్ అనే టీబీ జన్యు పరీక్షలో టీబీ లేదని వస్తే, అది ఎన్‌టీఎంను అనుమానించాల్సిన మొదటి సందర్భం. నమూనాను కల్చర్‌కు పంపాలి. పెరిగిన క్రిమికి, టీబీ క్రిమి ప్రోటీన్‌ను గుర్తించే ఎంపీటీ-64 పరీక్ష నెగటివ్ అయితే జాతిని తేల్చే జన్యు పరీక్ష చేయించాలి. ఈ దారి తప్పితే నష్టం రెండు వైపులా ఉంది. టీబీ అనుకుని ఇచ్చే పైరజినమైడ్ చాలా ఎన్‌టీఎం జాతులపై పనిచేయదు. జబ్బు తగ్గకపోతే 'మొండి టీబీ' అన్న ముద్ర పడుతుంది. మలినాన్ని వ్యాధి అనుకుంటే, మందులు కల్చర్ నెగటివ్‌గా మారాక కూడా సాధారణంగా కనీసం ఏడాదిపాటు మింగవలసి వస్తుంది.

ముగింపు

క్రిమి ఎంత బలహీనమో, దాని మీద నేరం మోపడానికి అంత బలమైన సాక్ష్యం కావాలి. నిర్ధారణ జరిగినంత మాత్రాన మందులు మొదలుపెట్టి తీరాలనీ లేదు. అందుకే ప్రతి రోగి చీటీలో 'ఎన్‌టీఎం' అని ఊరుకోకుండా క్రిమి జాతి, నమూనా తేదీ, ఎన్నో కల్చరో వైద్యులు రాసి ఉంచాలి.