అద్దకపు అట్ట: బందరు గుడ్డ పుస్తకం మీదికి వచ్చిన తీరు

బందరు అని కూడా పిలిచే మచిలీపట్నంలోనూ, అక్కడి నుంచి గుడివాడ వెళ్లే రైలుదారిలో సుమారు 10 కిలోమీటర్ల దూరాన ఉన్న పెడనలోనూ తయారయ్యే అద్దకపు గుడ్డను, అంటే చెక్క అచ్చులతో రంగులు అద్దిన నూలు వస్త్రాన్ని, అట్టల మీద అతికించి కుట్టిన నోటుపుస్తకాలు ఇప్పుడు హస్తకళల దుకాణాలలో విరివిగా దొరుకుతున్నాయి. వాటిని అమ్మేవారు ఇది నాలుగు వందల ఏళ్ల సంప్రదాయమని చెబుతుంటారు. ఆ మాటలో సగమే నిజం. గుడ్డకు ఆ వయసు ఉంది, ఇంకా ఎక్కువే ఉంటుంది కూడా. కాని ఆ గుడ్డ పుస్తకం మీదికి ఎక్కడం మాత్రం నిన్నమొన్నటి సంగతి. ఒకే ఊళ్లో పక్కపక్కనే బతికిన రెండు వృత్తులు, ఒకటి రంగుల వారిదీ మరొకటి కాగితాల వారిదీ, ఇంతకాలం ఒకదాని గడప ఒకటి ఎందుకు తొక్కలేదన్నదే బందరు చరిత్రలో ఆసక్తికరమైన ప్రశ్న.

గుడ్డ చరిత్ర చాలామందికి తెలిసిందే గనుక క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. గోలకొండ రాజ్యానికి ప్రధాన రేవుగా ఉన్న మచిలీపట్నానికి 17వ శతాబ్ది తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి వర్తక స్థావరాలు పెట్టుకున్నది ప్రధానంగా ఈ తీరపు వస్త్రాల కోసమే. ఈ గుడ్డకు వాడుకలో ఉన్న కలంకారీ అనే మాట పారశీకం నుంచి వచ్చింది. కలంతో చేసే పని అని దాని అర్థం. శ్రీకాళహస్తిలో నిజంగానే వెదురు కలంతో బొమ్మలు గీస్తారు కాని, బందరు పనిలో కలానికి ఉన్న చోటు బహు స్వల్పం. ఇక్కడ పని నడిచేది అచ్చుతోనే, కనుక దీనికి ‘అద్దకం’ అన్న తెలుగు పేరే సరిగ్గా నప్పుతుంది. ఐరోపాలో ఈ రకపు గుడ్డల మీద మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1720లోనూ వాటిపై నిషేధపు చట్టాలు తెచ్చుకోవలసి వచ్చింది. తరువాత మిల్లు గుడ్డ పోటీ వచ్చింది. దానికితోడు 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుని ఊరినే కుంగదీసింది. స్వాతంత్ర్యం తరువాత కమలాదేవి ఛటోపాధ్యాయ వంటి వారి పూనికతో హస్తకళలకు ఆదరణ పెరిగిన కాలంలో అద్దకం పని తిరిగి పుంజుకుని, క్రమంగా పెడనలో బాగా స్థిరపడింది.

పుస్తకానికీ గుడ్డకూ తెలుగునాట పరిచయం లేకపోలేదు. తాటాకు గ్రంథాలను పురుగు పట్టకుండా గుడ్డలో చుట్టి దాచేవారు. కరణం ఊరి లెక్కల కాగితాలను కట్టి ఉంచే గుడ్డమూటకు దఫ్తరం అని పేరు. ఆ మాట నుంచే కచేరీలలో కాగితాలకు గీతలు కొట్టి, పుస్తకాలు కుట్టే ఉద్యోగికి దఫ్తరీ అన్న పేరు వచ్చింది. వీటన్నిటికంటె విచిత్రమైనది కడితం: చింతగింజల జిగురులో బొగ్గుపొడి కలిపి గుడ్డకు దట్టంగా పట్టించి, ఆరాక మడతలు మడతలుగా ముడిచి, దాని మీద బలపంతో లెక్కలు రాసుకునేవారు; అక్కరలేని లెక్కను తుడిచేసి మళ్లీ రాసుకోవచ్చు. అంటే కడితంలో గుడ్డ పుస్తకానికి తొడుగు కాదు, పుస్తకమే గుడ్డ. అయితే ఈ మూడింటిలోనూ వాడింది సాదా ముతక గుడ్డే తప్ప అద్దకపు గుడ్డ కాదు. ఓడలెక్కి డబ్బు తెచ్చే సరుకును కరణం దఫ్తరానికి చుట్టవలసిన అవసరం ఎవరికి ఉంటుంది?

కాగితం వైపు చూస్తే బందరు తక్కువది కాదు. 1902లో మొదలైన కృష్ణాపత్రిక, కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఇక్కడే ప్రారంభించిన ఆంధ్రా బ్యాంకు, వీటికితోడు కోర్టు, కలెక్టరు కచేరీ: అన్నిటికీ అచ్చు పనీ, బైండింగు పనీ కావాలి. ఆ కాలపు గట్టి బైండింగును తెలుగువారు ‘క్యాలికో బైండు’ అనేవారు. క్యాలికో అన్నది కేరళలోని కాలికట్ రేవు పేరు మీద ఐరోపావారు భారతదేశపు నూలుగుడ్డకు పెట్టిన పేరు. 1820ల ప్రాంతంలో లండన్ ప్రచురణకర్తలు తోలుకు బదులు ఈ రకపు గుడ్డకు గంజి దట్టించి, నునుపు తేల్చి పుస్తకాలకు తొడగడం మొదలుపెట్టారు. ఈ దేశపు గుడ్డ పేరు మోస్తూ, సీమ మరలలో తయారై, తిరిగి ఈ దేశపు పుస్తకాల మీదికే వచ్చిన సరుకు అది. అద్దకం ఇళ్లకు కూతవేటు దూరంలో ఉన్న బైండరు కూడా దానినే కొని వాడాడు.

దీనికి అభిమానాలూ అనాదరాలూ కారణం కాదు, జిగురు కారణం. క్యాలికోకు పట్టించిన గంజి నేత సందులను పూడ్చివేస్తుంది కనుక వెనక పూసిన జిగురు ముందుకు రాదు. బందరు అద్దకం అందుకు పూర్తిగా విరుద్ధమైన పద్ధతిలో తయారవుతుంది. ముందుగా గుడ్డలోని గంజిని పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో వారాల తరబడి పులియబెట్టి తీసిన ద్రవాన్ని టేకు అచ్చుతో అద్దగానే కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీటిని అద్ది, గుడ్డను పారే నీటిలో జాడించి, రంగువేళ్లతో కలిపి కాగులో ఉడికిస్తారు; పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. పూర్వం ఇందుకు చిరువేరు వాడేవారు. నిజాంపట్నం ప్రాంతపు చిరువేరుకు 17వ శతాబ్దిలో గొప్ప పేరుండేది. జర్మనీలో 1868లో కృత్రిమంగా తయారైన ఎలిజరిన్ తరువాతి కాలంలో చాలావరకు దాని స్థానం ఆక్రమించింది. ఇన్నిసార్లు తడిసి, ఉడికి, ఎండిన గుడ్డ మెత్తగా, గుల్లగా మారి నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. ఒంటికి కట్టుకునే వారికి అదే సుగుణం, అట్టకు అతికే వారికి అదే చిక్కు. పైగా దుప్పటికీ చీరకూ ధర పలికే గుడ్డను అట్టకు కోయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. కనుక పుస్తకం మీదికి వచ్చింది థానులు కాదు, ముక్కలు: అచ్చు పక్కకు జరిగినవి, రంగు అలుక్కున్నవి, కుట్టుపనిలో కత్తెర కింద మిగిలినవి.

ముక్క చేతికి వచ్చాక పుస్తకం పని మొదలవుతుంది. డెమ్మీ కాగితాన్ని, అంటే సుమారు 18 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవు ఉండే షీటును, మూడు సార్లు మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు వస్తాయి. అచ్చువృత్తిలో దీనిని ఫారం అంటారు. పది ఫారాలు పేర్చితే 160 పేజీల పుస్తకం. ప్రతి ఫారం మడత మీద ఆరెతో, అంటే చెప్పులు కుట్టేవారి దగ్గర ఉండే సూదిమొన పనిముట్టుతో, సమదూరాలలో కన్నాలు పొడిచి, మైనం పట్టించిన నూలుదారంతో ఒక్కొక్క ఫారాన్నే కుట్టుకుంటూ పోతారు. చివరి కన్నం దగ్గర సూదిని కింది ఫారం కుట్టులోంచి దూర్చి తీసి బిగించడంలోనే నేర్పంతా ఉంది. దారం వదులైతే పుస్తకం ఊగుతుంది, మరీ లాగితే కాగితం చిరుగుతుంది. కుట్టు అయ్యాక వీపుకు, అంటే ఫారాల మడతలు కలిసే వైపుకు, జిగురు రాసి గాజుగుడ్డ పట్టీ అతికిస్తారు.

గుడ్డ సంగతి దీనికంటె జాగ్రత్తగా చూడాలి. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురును నేరుగా అద్దకపు గుడ్డకు పూస్తే, అది నేతలోంచి పైకి ఊరి, ఆరాక తెల్లని మరకలుగా మిగిలిపోతుంది. అందువలన ముందు గుడ్డ వెనుక పలుచని కాగితం అతికి, గుడ్డను పడుగూ పేకా వంకర పోకుండా బల్ల మీద సర్ది, పూర్తిగా ఆరనిస్తారు; గుడ్డకు తన అచ్చు ఇంటిలో పోయిన గంజి బైండరు ఇంటిలో కాగితం రూపంలో తిరిగి దక్కుతుంది. ఆ తరువాతనే దానిని అట్టల కంటె నాలుగు వైపులా రెండేసి సెంటీమీటర్లు ఎక్కువగా కోసి, రెండు అట్టలనూ వీపు పట్టీనీ మధ్యలో సన్నని గాడులు వదిలి పెట్టి, మూలలు ఏటవాలుగా కత్తిరించి, అంచులు లోపలికి మడుస్తారు. మూల మరీ దగ్గరగా కత్తిరిస్తే లోపలి అట్ట బయటపడుతుంది; దూరంగా కత్తిరిస్తే ముద్దగా లేస్తుంది. ఆఖరున మొదటి ఆకునూ చివరి ఆకునూ అట్టల లోపలి వైపు అతికితే పుస్తకం అట్టలో కూర్చుంటుంది. గుడ్డ ఒక వైపుకు లాగితే ఈ కాగితం రెండో వైపుకు లాగి అట్టను సమంగా ఉంచుతుంది. బైండింగు మర ఉన్నచోట రాత్రంతా మరలో బిగిస్తారు; లేని ఇళ్లలో రెండు చెక్కల మధ్య పెట్టి పైన సన్నికల్లు ఎత్తుతారు, పచ్చడికి ఆ పూట రోలే గతి.

సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో వానాకాలం ఈ పనికి బొత్తిగా పనికిరాదు. జిగురు రెండు రోజులైనా ఆరదు, అట్ట వంగుతుంది, గుడ్డ వెనుక బూజు పడుతుంది. ఎండ లేనిదే అద్దకమూ సాగదు కనుక, వేరే విషయాలలో ఎన్నడూ కలవని ఈ రెండు వృత్తులూ మబ్బు పట్టిన రోజున మాత్రం కలిసి చేతులు ముడుచుకుని కూర్చుంటాయి.

ఇలా తయారైన పుస్తకాన్ని కొందరు వృత్తివారు చిల్లర పని అంటారు. ఆ మాట పూర్తిగా న్యాయం కాదు. దుప్పటి మీద ఒక పువ్వు పక్కన వంద పువ్వులుంటే అచ్చు చెక్కిన చేతి పనితనం గుంపులో కలిసిపోతుంది. అట్ట మీద ఒకే తీగ, ఒకే నెమలి మిగిలేసరికి రేఖ ఎక్కడ సన్నబడిందో, ఎరుపు అచ్చు నల్ల అచ్చు మీద నూలుపోగంత ఎక్కడ తప్పి పడిందో కంటికి దొరుకుతుంది. అలాగని ఈ పుస్తకాలకు ప్రాచీనతను అంటగట్టనవసరం లేదు. కడితపు జిగురు, దఫ్తరీ కుట్టు, క్యాలికో తొడుగు అనే మూడు వేర్వేరు అలవాట్లు అద్దకపు ముక్క దగ్గర కలుసుకున్నాయనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ఈ గుడ్డకు ఒక లోపం ఉంది. అది అద్దకంలోనే పుట్టినది. ఇనుమూ కరక్కాయా కలిసి ఇచ్చే నలుపు ఏళ్లు గడిచిన కొద్దీ నూలుపోగును తినివేస్తుంది. పాత అద్దకపు గుడ్డలలో ఎరుపు చెక్కుచెదరకుండా ఉండి, నల్లని గీత ఉన్నంత మేర కోసినట్టు చిరిగి ఉండడానికి కారణం ఇదే. పుస్తకంలో గుడ్డ ఎక్కువగా నలిగేది అట్ట తెరిచినప్పుడల్లా వంగే గాడి దగ్గర. అందువలన పని తెలిసిన చేయి ముక్కను కోసే ముందు దానిని అట్టల మీద నాలుగైదు సార్లు అటూ ఇటూ జరిపి, నెమలి తల అంచు దాటి మడతలోకి పోయినా సరే, గాడి మీదికి నల్లగీత పొడుగునా రాకుండా, ఎర్రని నేల మాత్రమే వచ్చేలా చూసుకుని అప్పుడు కత్తెర పెడుతుంది.