వాసా: కంచెమొక్కలో దాగిన చరిత్ర

బీడుభూములలోను, చేనిగట్లమీదను సంవత్సరమంతయు పచ్చగా నిలిచెడి గుబురుమొక్క అడ్డసరము. సంస్కృతమున దీనికి వాసా, వృషము, ఆటరూషకము మున్నగు నామములు కలవు. తెల్లని పుష్పము నోరు తెరచిన సింహమును స్ఫురింపజేయుటచే ‘సింహాస్యము’ అనికూడ అందురు.

దీని ఆకు మిక్కిలి చేదు. మేకలు సైతము ముట్టవు. మేక ముట్టనిది అను అర్థముగల తమిళనామమే, 1753లో లినేయస్ ఈ మొక్కకు పెట్టిన శాస్త్రీయనామమున ‘అధటోడ’గా నిలిచినది. పశువులు పరిత్యజించిన ఆ చేదునందే మానవుడు ఔషధమును దర్శించెను. ఆయుర్వేదము రక్తపిత్తమునకు, కాసశ్వాసలకు వాసను విధించినది. పల్లెలలో అవ్వలు ఆకురసమున తేనె రంగరించి దగ్గుకు ఇచ్చెడివారు.

1888లో డేవిడ్ హూపర్ ఈ ఆకునుండి ‘వాసిసిన్’ అను క్షారద్రవ్యమును వేరుచేసెను. దాని నిర్మాణమే ఆధారముగా 1960వ దశకమునాటికి బ్రోమ్‌హెక్సిన్ రూపొందినది. అది శరీరమున మార్పుచెందగా ఏర్పడు ఆంబ్రాక్సాలే నేడు అనేక దగ్గుమందులలో ఉన్నది.

ఔషధపు సీసాపై ఆ అవ్వల పేరుండదు. అయినను ఋణము ఋణమే. ఆ ఋణము తీరుట అంధభక్తిచే కాదు, వివేకముచే. వాసిసిన్‌కు గర్భాశయమును సంకోచింపజేయు శక్తి కలదు. కనుక గర్భిణులు దీనిని సేవింపరాదు. గుణమును, దోషమును కలిపి స్మరించినప్పుడే అది విద్య. గుణమును మాత్రమే కీర్తించిన అది కేవలము స్తుతి.