చార్మినార్ కింద ఆదివారం సాయంత్రం

మా చిన్నప్పుడు చార్మినార్ చుట్టూ బస్సులు, ఆటోలు గిర్రున తిరిగేవి. తలెత్తి మినార్లు చూసే తీరికేదీ? పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకోవడంతోనే సరిపోయేది అమ్మలకి.

నిజానికి 1591లో కులీ కుతుబ్ షా దాన్ని కట్టించింది నాలుగు దారులు కలిసే చోట, ఊరికి నట్టనడుమ. కాస్త ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి మధ్య గుల్జార్ హౌజ్. నడిచేవాళ్ల కోసం, పల్లకీల కోసం వేసిన కొలతలవి. మోటార్ల మాట అప్పుడెక్కడిది! ఆ పొగకి సున్నపు నగిషీలన్నీ నల్లబడ్డాయి.

ఏళ్ల తరబడి పనులు సాగాక, చుట్టూ రాళ్లు పరిచి బళ్లు ఆపారు. 2021 అక్టోబరు 17, ఆదివారం సాయంత్రం అక్కడే ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ మొదలుపెట్టారు. పోలీసు బ్యాండు పాటలు, తినుబండారాలు, పక్కనే లాడ్ బజార్‌లో లక్క గాజులు. గాజులు కొనడానికి ఆడవాళ్లు ఎప్పుడూ వెళ్లేవాళ్లే. ఏ పనీ లేకుండా వీధి నడుమ ఊరికే నిలబడటానికి వెళ్లడమే కొత్త, నా దృష్టిలో అసలు పండుగ అదే.

గుల్జార్ హౌజ్ మాత్రం ఇంకా బళ్ల మధ్యే ఉంది.