ఎవరి పేడ, ఎవరి మంట?

గోబర్ గ్యాస్, సౌరశక్తి పల్లెల్లోకి ఎందుకు పోలేదంటే చదువుకున్నోళ్లు చెప్పే జవాబు ఒక్కటే: ప్రజల్లో అవగాహన లేదు. ఈ మాట కింద భూమి చరిత్ర, కులం చరిత్ర కప్పబడి ఉన్నయి. సంగారెడ్డి, పటాన్‌చెరు దిక్కు నిలబడి ఆ కప్పు తీసి చూద్దాం.

కేంద్ర ప్రభుత్వం 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం మొదలుపెట్టింది. 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ వచ్చింది. 1992లో అదే మంత్రిత్వశాఖ అయింది. కాగితం మీద పథకం అందరిదీ. లెక్క చూడండి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల దాకా పేడ కావాలె. అంటే నాలుగైదు పశువులుండాలె. పేడతో సమానంగా నీళ్లు కలపాలె. గుంత తవ్వను సొంత జాగ ఉండాలె. భూమిలేని మాల మాదిగ ఇండ్లల్ల ఇవన్నీ ఎక్కడియి? దొర కొట్టంల పేడ తీసింది మన తల్లులు. దానితోటి వెలిగే పొయ్యి దొరసానిది. ఆసామికి పేడ విలువ తెలిసొచ్చినంక, పిడకల కోసం బీళ్లల్ల ఏరుకునే పేడకు కూడా అడ్డం రాడా?

ఇంకో సంగతి. మరుగుదొడ్డిని ప్లాంటుకు కలిపితే గ్యాస్ పెరుగుతది. ఆ మంట మీద అన్నం వండమన్నోళ్లు దేశమంతటా ఉన్నరు. అది తెలివి లేక కాదు, అంటు వల్ల. దానికి సామాజిక అయిష్టత అని మర్యాదైన పేరు పెట్టిన్రు.

పటాన్‌చెరు పల్లెలకు ఇంకో అనుభవం ఉన్నది. ఫ్యాక్టరీల రసాయనాలు నక్కవాగులో కలిసినయి. బోర్లు, బావులు చెడిపోయినయి, పశువులు సచ్చినయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. గోబర్ గ్యాస్‌కు కావలసిన పశువును, నీళ్లను ఒకే అభివృద్ధి మింగినప్పుడు ఎవరికి అవగాహన చెప్పాలె?

పక్క కర్ణాటకలో, తుముకూరు జిల్లా పుర గ్రామం వేరే పాఠం చెప్తది. అమూల్య రెడ్డి బృందం మొదట అక్కడ వంటగ్యాస్ ఇయ్యాలనుకున్నది. ఊరందరి వంటకు పేడ చాలలేదు. 1987 నుంచి అదే గ్యాస్‌తో ఇంజన్ నడిపి నీళ్లు, దీపాలు ఇచ్చిన్రు. జనం ఒప్పుకున్నరు. మారింది జనం బుద్ధి కాదు, పథకం.

మన జహీరాబాద్ దిక్కు సంగతి కరెంటుది కాదు, రేడియోది. కాని ప్రశ్న అదే. డీడీఎస్ సంఘాల దళిత స్త్రీలు రికార్డింగు నేర్చుకొని ఏండ్ల తరబడి తయారుగా ఉన్నరు. మాచనూరు సంఘం రేడియో మొదలైంది మాత్రం 2008 అక్టోబర్ 15న. ఆగింది అవగాహన కాడ కాదు, లైసెన్సు కాడ.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉన్నది. దానికి సొంత ఇంటి కప్పు ఉండాలె. పాశమైలారంలో కిరాయి ఖోలీలుండే కూలీకి ఏ కప్పున్నది? నిన్న పశువు, నేడు కప్పు.

సూర్యుడు వాడకూ ఊరుకూ ఒక్కతీరుగనే పొడుస్తడు. పలకలు పెట్టే జాగకు మాత్రం పట్టా అడుగుతున్నరు. ఇక మీదట ఎవరన్నా అవగాహన సదస్సు పెడితే, మొదట పట్టాల లెక్క అడుగుదాం.